సముద్రపు గాలి, రాజుగారి పద్దు: బ్రిటిష్ రాజకుటుంబానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది

బ్రిటన్ రాజు అధికారిక ఖర్చుల కోసం అక్కడి ప్రభుత్వం 2024-25లో 8.63 కోట్ల పౌండ్లు ఇచ్చింది. మన లెక్కలో అది దాదాపు వెయ్యి కోట్ల రూపాయలు. మరుసటి ఏడాది, అంటే 2025-26లో, ఆ మొత్తం ఒక్కసారిగా 13.21 కోట్ల పౌండ్లకు చేరింది. రాజు చేసే పనులు ఏడాదిలో ఒకటిన్నర రెట్లు కాలేదు, కొలువులో ఉద్యోగులూ ఆ మేరకు పెరగలేదు. పెరిగింది సముద్రం మీది రాబడి. ఇంగ్లండ్, వేల్స్ తీరాలకు ఆవల గాలిమరలు నిలబెట్టే హక్కు కోసం విద్యుత్ కంపెనీలు చెల్లించిన రుసుముల వల్ల ఒక సంస్థ లాభం రెట్టింపును మించిపోయింది, ఆ లాభంలో ఇంత శాతమని లెక్కగట్టే పద్ధతి ఉండడంతో రాజు గ్రాంటు కూడా దానితోపాటే పైకి లేచింది. గాలికీ రాజు ఇంటి పద్దుకూ ఈ ముడి ఎలా పడిందో అర్థమైతే, ఒక ఆధునిక రాజకుటుంబం ఎవరి సొమ్ముతో నడుస్తుందన్న ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

మిగతా సగం దొరకాలంటే 'రాజు ఆస్తి' అన్న మాటను ముందు విడదీసి చూడాలి. బ్రిటన్‌లో ఆ మాట మూడు వేర్వేరు ఆస్తులను సూచిస్తుంది. పేరుకు రాజుదే అయినా రాబడి మొత్తం ప్రభుత్వ ఖజానాకు చేరే ఆస్తి ఒకటి. పదవితోపాటు వచ్చి, పదవిలో ఉన్నంతకాలం రాబడి అనుభవించడానికి వీలిచ్చి, అమ్ముకోవడానికి మాత్రం వీలివ్వని ఆస్తి రెండోది. ఏ పౌరుడికైనా ఉండే సొంత ఇల్లు, సొంత పొలం వంటిది మూడోది. హైదరాబాద్ సంస్థానం చరిత్ర తెలిసినవారికి ఈ విభజన కొత్తగా అనిపించదు. అక్కడ దివానీ భూముల శిస్తు సర్కారు ఖజానాకు చేరేది, సర్ఫ్-ఎ-ఖాస్ భూముల శిస్తు నేరుగా నిజాం సొంత ఖర్చులకు పోయేది. నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా ఆ రెండో కోవలోనిదే. పోలీసు చర్య తర్వాత, 1949లో, సర్ఫ్-ఎ-ఖాస్‌ను దివానీలో కలిపేయడంతో ఆ తేడా చెరిగిపోయింది. బ్రిటన్‌లో అది చెరిగిపోలేదు. అక్కడి చర్చల్లో గందరగోళమంతా ఒక కోవలోని ఆస్తికి మరో కోవకు చెందిన న్యాయాన్ని అన్వయించడం వల్ల పుడుతున్నదే.

మొదటి కోవలోని ఆస్తి పేరు క్రౌన్ ఎస్టేట్. లండన్‌లోని రీజెంట్ స్ట్రీట్ దుకాణాల వరుస, సెయింట్ జేమ్స్ ప్రాంతంలో చాలా భాగం, గుర్రప్పందేలు జరిగే ఆస్కట్ మైదానం నేల, విండ్సర్ గ్రేట్ పార్క్, వేల ఎకరాల సాగుభూములు దీని కిందికి వస్తాయి. ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ తీరాల నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు సముద్రగర్భం కూడా దీనిదే. స్కాట్లండ్‌లోని ఇటువంటి ఆస్తులను 2017లో విడదీసి అక్కడి ప్రభుత్వానికి అప్పగించారు. దాదాపు 1500 కోట్ల పౌండ్ల విలువైన ఈ ఆస్తిని 1961 నాటి చట్టం ప్రకారం ఒక స్వతంత్ర కమిషనర్ల సంఘం నిర్వహిస్తుంది. రాజు దీన్ని అమ్మలేడు, తాకట్టు పెట్టలేడు, ఫలానా దుకాణానికి అద్దె తగ్గించమని ఆదేశించలేడు. ఏటా మిగిలే లాభం మొత్తం ట్రెజరీకి, అంటే ప్రభుత్వ ఆర్థిక శాఖకు చేరుతుంది.

ఈ ఏర్పాటుకు మూలం 1760లో ఉందని చెబుతారు. ఆ ఏడాది 22 ఏళ్ల వయసులో గద్దెనెక్కిన మూడో జార్జి, వంశపారంపర్యంగా వచ్చే రాచభూముల రాబడిని పార్లమెంటుకు వదులుకుని, బదులుగా ఏటా 8 లక్షల పౌండ్ల స్థిరమైన సొమ్ము తీసుకోవడానికి ఒప్పుకున్నాడు. ఆ సొమ్ముకు సివిల్ లిస్ట్ అని పేరు. తర్వాత గద్దెనెక్కిన ప్రతి రాజూ, రాణీ తమ హయాం మొదట్లోనే ఈ ఒప్పందాన్ని తిరిగి ఖాయం చేస్తూ వచ్చారు. రాజకుటుంబాన్ని సమర్థించేవారు తరచుగా చేసే వాదన ఇక్కడి నుంచే మొదలవుతుంది. రాజు తన ఆస్తి రాబడిని దేశానికి ఇస్తున్నాడు, దేశం అందులో కొంత మాత్రమే తిరిగి ఇస్తోంది, కాబట్టి ఈ బేరంలో లాభపడుతున్నది ప్రజలేనన్నది ఆ వాదన. వినడానికి ఇది తేలికగా నమ్మించే మాట. 1760లో రాజు నిజంగా ఏమి వదులుకున్నాడు, ఏ భారం దించుకున్నాడు అని చూస్తే మాత్రం నిలబడదు.

అప్పట్లో రాచభూముల రాబడి రాజు సొంత జేబు ఖర్చుకు ఉద్దేశించినది కాదు. న్యాయమూర్తుల జీతాలు, రాయబారుల ఖర్చులు, పౌర పాలనలోని ఉద్యోగుల వేతనాలు రాజే భరించాలి. అంటే ఆ భూములు పాలనా బాధ్యతతో ముడిపడిన భూములు. శతాబ్దాలుగా రాజులు ఆశ్రితులకు ధారాదత్తం చేయడంతో వాటిలో చాలా భాగం కరిగిపోయింది, మిగిలినదాని రాబడి ప్రభుత్వాన్ని నడపడానికి ఏ మూలకూ చాలేది కాదు. సివిల్ లిస్ట్ తీసుకున్న తర్వాత కూడా మూడో జార్జికి అప్పులు పేరుకుపోతే పార్లమెంటు పలుమార్లు తీర్చవలసి వచ్చింది. 1830 దశకం మొదట్లో, నాలుగో విలియం కాలంలో, పౌర పాలన ఖర్చులను సివిల్ లిస్ట్ నుంచి పూర్తిగా తొలగించి పార్లమెంటు తన నెత్తిన వేసుకుంది. బాధ్యత వెళ్లిపోయాక, ఆ బాధ్యత కోసం ఉన్న భూమి మాత్రం వ్యక్తిగత ఆస్తిగా మిగిలిందని ఎలా అనగలం? రేపు బ్రిటన్‌లో రాజరికం రద్దయితే రీజెంట్ స్ట్రీట్ విండ్సర్ కుటుంబం సొత్తు అవుతుందని నమ్మడానికి చట్టపరమైన ఆధారం ఏదీ లేదు.

వదులుకున్నదానికి బదులుగా ఇచ్చే భరణం అనే ఈ తర్కం మనకు పరిచయమే. సంస్థానాల విలీనం వేళ రాజభరణాలను సమర్థించిన వాదన సరిగ్గా ఇదే. నిజాంకు ఏటా 50 లక్షల రూపాయలు నిర్ణయించారు, సంస్థానాధీశులందరి భరణాలకూ రాజ్యాంగంలోని 291వ అధికరణం హామీ ఇచ్చింది. 1970లో వాటిని రద్దు చేసే సవరణ రాజ్యసభలో అతి స్వల్ప తేడాతో వీగిపోయింది, రాష్ట్రపతి ఉత్తర్వుతో రద్దు చేయబోతే సుప్రీంకోర్టు కొట్టివేసింది, చివరికి 1971 డిసెంబరులో 26వ రాజ్యాంగ సవరణతో అవి ముగిశాయి. ఆ ఒప్పందం పవిత్రమా, పార్లమెంటు మార్చగలిగినదా అన్న చర్చ ఇక్కడ ఇరవై రెండేళ్లలో తేలిపోయింది. బ్రిటన్‌లో 1760 నాటి ఒప్పందం తరచి చూడనక్కరలేని మాటగా ఇప్పటికీ చెలామణి అవుతోంది.

సివిల్ లిస్ట్ పద్ధతి రెండున్నర శతాబ్దాలు సాగింది. చివరి ఇరవై ఏళ్లలో దాన్ని ఏటా 79 లక్షల పౌండ్ల దగ్గర స్థిరంగా ఉంచారు. ప్రయాణాలకు, భవనాల నిర్వహణకు వేరువేరు పద్దుల కింద వేరువేరు గ్రాంట్లు ఉండేవి. వీటన్నిటినీ ఒక్కటి చేస్తూ 2011లో సావరిన్ గ్రాంట్ చట్టం వచ్చింది. 2012 ఏప్రిల్ నుంచి అమలైన ఈ చట్టం కింద మొదటి ఏడాది ఇచ్చినది 3.1 కోట్ల పౌండ్లు. ఆ తర్వాతి ఏడాది నుంచి, రెండేళ్ల కిందటి క్రౌన్ ఎస్టేట్ లాభంలో 15 శాతం ఎంతవుతుందో అంత ఇవ్వాలన్నది సూత్రం. రాజు ఖర్చు మీద పార్లమెంటులో ప్రతిసారీ బేరమాడవలసిన అవసరం ఉండదని, దేశ ఆర్థిక స్థితి బాగుంటే గ్రాంటు పెరుగుతుందని అప్పటి ఆర్థికమంత్రి జార్జ్ ఆస్బోర్న్ దీన్ని సమర్థించారు.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. గ్రాంటు డబ్బు క్రౌన్ ఎస్టేట్ నుంచి రాదు. క్రౌన్ ఎస్టేట్ లాభం పూర్తిగా ఖజానాకు చేరిన తర్వాత, రాజుకు ఇచ్చే సొమ్మును ట్రెజరీ సంచిత నిధి నుంచి, అంటే ఆసుపత్రులకూ బడులకూ ఖర్చయ్యే ఆ పన్నుల డబ్బులోంచే తీసి ఇస్తుంది. లాభంలో ఇంత శాతం అన్నది కొలబద్ద మాత్రమే. అయితే కొలబద్దగా ఎంచుకున్నది రాచభూముల రాబడి కావడం వల్ల, రాజు తన భూమి ఆదాయంలో తన వాటా తాను తీసుకుంటున్నాడన్న భావన చదివేవారి మనసులో నాటుకుపోతుంది. ఈ చట్టానికి ఉన్న అతిపెద్ద లోపం ఇదే. ఖర్చు ఎంత అవసరమో చూసి ఇవ్వవలసిన సొమ్మును, ఆ ఖర్చుతో ఏ సంబంధమూ లేని దుకాణాల అద్దెలకూ సముద్రగర్భం కౌళ్లకూ కట్టివేశారు.

దాని ఫలితాలు త్వరలోనే కనిపించాయి. బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో 1950ల నాటి విద్యుత్ తీగలు, నీటి గొట్టాలు, బాయిలర్లు మార్చకపోతే అగ్నిప్రమాదం తప్పదన్న హెచ్చరికలతో పదేళ్ల మరమ్మతు పథకం తయారైంది. అంచనా 36.9 కోట్ల పౌండ్లు. ఆ పనికి వేరే కేటాయింపు చేసి, వేరే పద్దులో చూపించి, పని ముగిసిన రోజున ఆపేయవచ్చు. అలా కాకుండా 2017-18 నుంచి గ్రాంటు శాతాన్నే 15 నుంచి 25కు పెంచారు. దాంతో గ్రాంటు ఆ ఏడాది 7.61 కోట్లకు చేరి, 2021-22 నాటికి 8.63 కోట్లయింది. అందులో ఎంత కొలువు నడపడానికి, ఎంత మరమ్మతులకు అన్నది కొలువు వార్షిక నివేదికలో విడిగా చూపుతారు. 2024-25లో రోజువారీ ఖర్చులకు 5.18 కోట్లు, మరమ్మతులకు 3.45 కోట్లు. ఆ మేరకు లెక్క బాగానే ఉంది. పత్రికల్లో శీర్షికలకెక్కే ఒక్క అంకెలో మాత్రం ఈ రెండూ కలిసిపోయి, సమర్థకులకూ విమర్శకులకూ చెరో ఆయుధంగా మారాయి.

గాలిమరలు వచ్చింది ఈ దశలోనే. క్రౌన్ ఎస్టేట్ 2021లో వేలం వేసిన సముద్రగర్భ స్థలాలకు 2023 జనవరిలో ఆరు ప్రాజెక్టులతో ఒప్పందాలు కుదిరాయి. నిర్మాణం మొదలయ్యేలోగా ఆ కంపెనీలు స్థలాన్ని అట్టిపెట్టుకునేందుకు ఏటా చెల్లించే రుసుములే వంద కోట్ల పౌండ్ల దరిదాపుల్లో ఉంటాయి. 2022-23లో 44.26 కోట్లుగా ఉన్న క్రౌన్ ఎస్టేట్ లాభం 2023-24లో 110 కోట్లకు చేరింది. ఇందులో 25 శాతమంటే రాజుకు 27 కోట్లకు పైగా ఇవ్వవలసి వస్తుంది. ఆ ప్రమాదాన్ని ముందే గుర్తించి, ఈ అదనపు లాభాన్ని విస్తృత ప్రజాహితానికి మళ్లించాలని మూడో చార్లెస్ స్వయంగా కోరారు. ప్రభుత్వం శాతాన్ని 12కు తగ్గించింది. ఆ నిర్ణయం మెచ్చుకోదగినదే. అయితే ఒక రాజు మంచి మనసు మీద ఆధారపడి సరిదిద్దుకోవలసిన సూత్రం సరైన సూత్రం కాదన్న సంగతిని కూడా అదే నిర్ణయం రుజువు చేసింది.

శాతం సగానికి పైగా తగ్గినా గ్రాంటు తగ్గకపోవడానికి కారణం చట్టంలోని మరో నిబంధన. ఏ ఏడాది గ్రాంటూ అంతకు ముందు ఏడాది గ్రాంటు కన్నా తక్కువ ఉండకూడదని 2011 చట్టం చెబుతోంది. 2022-23 లాభంలో 12 శాతమంటే సుమారు 5.31 కోట్లు. దాని ఆధారంగా 2024-25లో ఇవ్వవలసింది అంతే. ఇచ్చింది మాత్రం పాత 8.63 కోట్లు. కరోనా కాలంలో దుకాణాల అద్దెలు పడిపోయినప్పుడు కూడా ఈ నిబంధనే గ్రాంటును కాపాడింది. దేశ ఆర్థిక స్థితి బాగుంటే పెరుగుతుంది అన్న వాదనలో, బాగులేకపోతే తగ్గుతుంది అన్న రెండో సగం కూడా ఉండాలి కదా. అది లేకుండానే చట్టం చేశారు. గ్రాంటులో ఖర్చు కాక మిగిలినదాన్ని నిల్వ నిధిగా దాచుకోవచ్చు, ఆ నిల్వ ఏడాది ఖర్చులో సగాన్ని మించబోతే ట్రెజరీ కొంత తగ్గించవచ్చు. పైకి ఎగబాకకుండా ఆపేందుకు ఉన్నది ఆ ఒక్క అడ్డే.

ఈ గ్రాంటుతో నడిచేవి ఉద్యోగుల జీతాలు, రాజప్రాసాదాల నిర్వహణ, అధికారిక ప్రయాణాలు, అతిథి సత్కారాలు. 2011 చట్టంతో వచ్చిన మేలు ఒకటుంది. ఈ లెక్కలను మన కాగ్ వంటి అక్కడి కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ తనిఖీ చేస్తారు, పార్లమెంటు ప్రజాపద్దుల సంఘం కొలువు అధికారులను పిలిచి ప్రశ్నిస్తుంది. 2014లో ఆ సంఘం ఇచ్చిన నివేదిక చాలా కటువుగా ఉంది. 2001లో 3.5 కోట్ల పౌండ్లుగా ఉన్న నిల్వ నిధి 10 లక్షలకు కరిగిపోయిందని, రాజకుటుంబం ఉంటున్న భవనాల్లో 39 శాతం ఉండవలసిన స్థితిలో లేవని అది ఎత్తిచూపింది. ఖర్చు తగ్గించుకునే ప్రయత్నాలు లేవని కాదు. ఎంతో చరిత్ర ఉన్న రాయల్ ట్రెయిన్‌ను 2027లోగా నిలిపివేస్తున్నట్లు 2025లో ప్రకటించారు.

గ్రాంటు బయట ఉన్నది గ్రాంటులో ఉన్నదానికన్నా తక్కువేమీ కాదు. అన్నిటికన్నా పెద్దది భద్రత. దాన్ని పోలీసు, హోం శాఖల బడ్జెట్లు భరిస్తాయి. మొత్తం ఎంతో వెల్లడిస్తే భద్రతకు ముప్పంటూ ప్రభుత్వం ఏనాడూ చెప్పదు. రెండో ఎలిజబెత్ రాణి అంత్యక్రియలకూ సంతాప దినాలకూ వివిధ శాఖలకు అయిన ఖర్చు సుమారు 16.2 కోట్ల పౌండ్లు, 2023 మేలో జరిగిన పట్టాభిషేకానికి 7.2 కోట్లు. ఇవేవీ సావరిన్ గ్రాంటులో కనిపించవు. రాజవంశీయులు ఏ ఊరికి వెళ్లినా బందోబస్తు, ఏర్పాట్లు అక్కడి స్థానిక సంస్థల మీద పడతాయి. రాజరికాన్ని రద్దు చేయాలని ప్రచారం చేసే రిపబ్లిక్ సంస్థ 2024లో ఇవన్నీ కలిపి ఏటా 51 కోట్ల పౌండ్లని అంచనా కట్టింది. అందులో భద్రత ఖర్చు ఊహించి వేసిన అంకె, కొంత భాగం ఖజానాకు రావలసి ఉండి రాకుండా పోతున్న ఆదాయం. ఆ అంకెతో ఏకీభవించనివారు కూడా ఒక మాట ఒప్పుకోవాలి. అధికారిక లెక్క బయటపెట్టనంతకాలం ఊహాగానాలకు అవకాశం ఇస్తున్నది ప్రభుత్వమే. తలకు ఏటా ఒక పౌండు పైచిలుకు అని చెప్పే కొలువు అంకె కూడా ఈ బయటి ఖర్చులను వదిలేసి వేసినదే.

ఇక రెండో కోవ. వివాదమంతా నిజానికి ఉండవలసింది ఇక్కడే. పదవితో వచ్చే ఆస్తులు రెండున్నాయి. రాజుకు లాంకాస్టర్ డచీ, యువరాజుకు కార్న్‌వాల్ డచీ. డచీ అంటే డ్యూక్ హోదాకు చెందిన ఎస్టేటు. లాంకాస్టర్ డచీ మూలాలు 1265 నాటివి. 1399లో లాంకాస్టర్ డ్యూక్ కుమారుడు నాలుగో హెన్రీగా గద్దెనెక్కినప్పుడు, తన వంశపు భూములు రాజ్య భూముల్లో కలవకుండా విడిగా ఉండాలని శాసించాడు. ఆ శాసనం వల్లే 1760 ఒప్పందంలోకి ఈ భూములు రాలేదు. కార్న్‌వాల్ డచీని మూడో ఎడ్వర్డ్ 1337లో తన పెద్ద కొడుకు పోషణ కోసం ఏర్పరిచాడు. అప్పటి నుంచి రాజు లేదా రాణి పెద్ద కొడుకుకే అది చెందుతోంది. ఆడపిల్ల వారసురాలైతే రాదు. రెండో ఎలిజబెత్ రాణి కాకముందు సింహాసనానికి మొదటి వారసురాలిగా పదిహేనేళ్లకు పైగా ఉన్నా కార్న్‌వాల్ డచీ ఆమెకు దక్కలేదు.

2024-25లో లాంకాస్టర్ డచీ రాజుకు ఇచ్చిన నికర రాబడి సుమారు 2.44 కోట్ల పౌండ్లు, కార్న్‌వాల్ డచీ యువరాజు విలియమ్‌కు ఇచ్చింది సుమారు 2.29 కోట్లు. రాజు తన చెల్లెలు వంటి ఇతర కుటుంబ సభ్యుల అధికారిక పనులకయ్యే ఖర్చును చాలావరకు లాంకాస్టర్ రాబడి నుంచే భరిస్తారు. యువరాజుకు గ్రాంటులో వ్యక్తిగత భరణమేదీ లేదు, ఆయన కుటుంబ ఖర్చులూ కార్యాలయమూ సేవా కార్యక్రమాల్లో కొన్నీ కార్న్‌వాల్ మీదే నడుస్తాయి. 2025 ఆగస్టులో హైదరాబాద్ బౌలర్ మహమ్మద్ సిరాజ్ చివరి వికెట్ పడగొట్టి, ఇంగ్లండ్‌పై 6 పరుగుల తేడాతో భారత్‌ను గెలిపించిన ఓవల్ మైదానం గుర్తుందా? ఆ నేల కార్న్‌వాల్ డచీదే. 20కి పైగా కౌంటీల్లో పరచుకుని దాదాపు 52 వేల హెక్టార్లున్న ఆ డచీలో పొలాలు, అడవులు, ఇళ్లతోపాటు డార్ట్‌మూర్‌లోని జైలు భూమి కూడా ఉంది. రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు స్థాయి పెరగడంతో 2024లో ఆ జైలును ఖాళీ చేసినా, ప్రభుత్వానికి డచీతో ఉన్న దీర్ఘకాలిక కౌలు ఒప్పందం అలాగే ఉంది. అంటే ఖైదీలు లేని జైలుకు ప్రజల డబ్బుతో కడుతున్న అద్దె యువరాజు ఆదాయంలోకి చేరుతోంది.

ఇంకో ఆదాయం మరింత విచిత్రమైనది. వీలునామా రాయకుండా, వారసులెవరూ లేకుండా చనిపోయినవారి ఆస్తి బ్రిటన్‌లో మామూలుగా ప్రభుత్వానికి చెందుతుంది. చారిత్రక లాంకషైర్ ప్రాంతంలో చనిపోతే అది లాంకాస్టర్ డచీకి, కార్న్‌వాల్‌లో చనిపోతే ఆ డచీకి చేరుతుంది. ఖర్చులు పోను మిగిలిన సొమ్మును ధర్మకార్యాలకు ఇస్తామని డచీలు చెబుతాయి. ఆ ఖర్చుల్లో డచీ సొంత అద్దె ఇళ్ల మరమ్మతులు కూడా ఉన్నాయని 2023లో పత్రికా పరిశోధనలో బయటపడింది. అనాథగా కన్నుమూసిన ఒక కార్మికుడు దాచుకున్న సొమ్ము తన ప్రాంత ప్రజలకు కాకుండా మధ్యయుగపు హక్కు ఒకటి ఉన్నందువల్ల ఒక భూస్వామ్య సంస్థకు చేరడం ఈ కాలంలో సమర్థించుకోగలిగిన ఏర్పాటు కాదు.

డచీలు కంపెనీలు కావు గనుక కార్పొరేషన్ పన్ను లేదు, మూలధన లాభాల పన్నూ లేదు. అదే ఊళ్లో అదే రకం ఇళ్లను అద్దెకిచ్చే మామూలు సంస్థ ఈ రెండూ కట్టాలి. ఈ భూములు ఎవరివని అడిగితే ప్రైవేటు ఆస్తులంటారు. పన్ను దగ్గరికి వచ్చేసరికి అవి రాచరికపు ఆస్తులవుతాయి. ఏ కోవలోకి వస్తాయో స్పష్టంగా తేల్చకపోవడమే వాటికి లాభసాటిగా ఉంది. 1760లో క్రౌన్ ఎస్టేట్‌కు వర్తింపజేసిన న్యాయాన్ని ఈ రెండు డచీలకు ఎందుకు వర్తింపజేయలేదన్న ప్రశ్నకు, పాత హక్కు అలాగే మిగిలిపోయిందన్నది తప్ప మరో సమాధానం లేదు.

పన్ను చరిత్రా ఇలాగే వంకర దారిలో నడిచింది. 1842లో ఆదాయ పన్ను తిరిగి వచ్చినప్పుడు విక్టోరియా రాణి తానూ కడతానని ఒప్పుకుని కట్టింది. ఆమె కొడుకు ఏడో ఎడ్వర్డ్ కూడా కట్టాడు. 1910లో అయిదో జార్జి సివిల్ లిస్ట్ మీద మినహాయింపు సంపాదించాడు, ఆరో జార్జి నాటికి రాజు దాదాపు ఏ పన్నూ కట్టని స్థితి వచ్చింది. అంటే రాజులు అనాదిగా పన్నుకు అతీతులన్నది నిజం కాదు, అది 20వ శతాబ్దంలో చేసుకున్న ఏర్పాటు. 1992 నవంబరు 20న విండ్సర్ కోటలో కొంత భాగం కాలిపోయింది. దానికి బీమా లేదు. పునర్నిర్మాణం ప్రభుత్వ ఖర్చుతో జరుగుతుందని మంత్రి ప్రకటించగానే జనంలో ఆగ్రహం వెల్లువెత్తింది. ఆరు రోజులకే, వచ్చే ఏప్రిల్ నుంచి రాణి స్వచ్ఛందంగా ఆదాయ పన్ను కడతారని ప్రధాని జాన్ మేజర్ కామన్స్ సభలో ప్రకటించారు. 1993 వేసవిలో బకింగ్‌హామ్ ప్యాలెస్ తలుపులు టికెట్టు కొన్న సందర్శకులకు తెరుచుకున్నాయి, కోట పునర్నిర్మాణానికి అయిన 3.65 కోట్ల పౌండ్లలో ఎక్కువ భాగం ఆ టికెట్ల నుంచే వచ్చింది.

ఆ స్వచ్ఛందం అన్న మాటను గమనించాలి. రాజు గానీ యువరాజు గానీ డచీ రాబడి మీద కట్టే పన్ను చట్టం విధించినది కాదు, ఒక అవగాహన పత్రం ప్రకారం కట్టేది. అధికారిక ఖర్చులను ముందు మినహాయించుకుని మిగిలినదాని మీద కడతారు. ఏది అధికారిక ఖర్చో తేల్చేది ముందుగా వారి కార్యాలయాలే. చార్లెస్ యువరాజుగా ఉన్నప్పుడు తాను కట్టిన పన్ను మొత్తాన్ని ఏటా ప్రకటించేవారు. 2024, 2025 నివేదికల్లో విలియమ్ అత్యధిక రేటుతో ఆదాయ పన్ను కడుతున్నారన్న వాక్యమే ఉంది, అంకె లేదు. ఒక మంచి ఆనవాయితీ చట్టంగా మారకపోతే వ్యక్తి మారగానే అదీ మారిపోతుంది.

1993 ఏర్పాటులో మరో మినహాయింపు ఉంది. రాజు నుంచి రాజుకు సంక్రమించే ఆస్తికి వారసత్వ పన్ను వర్తించదు. సాధారణ పౌరుల ఆస్తి ఒక పరిమితి దాటితే 40 శాతం పన్ను పడుతుంది. 2022లో ఎలిజబెత్ నుంచి చార్లెస్‌కు వచ్చిన మూడో కోవ ఆస్తి, అంటే స్కాట్లండ్‌లోని బల్మొరల్, నార్ఫోక్‌లోని సాండ్రింగ్‌హామ్ ఎస్టేట్లు, సొంత పెట్టుబడులు, గుర్రాలు, నగలు పన్ను లేకుండానే చేతులు మారాయి. తరతరాలకూ పన్ను పడితే రాజు ఆర్థిక స్వాతంత్ర్యం కరిగిపోతుందన్నది మేజర్ ప్రభుత్వం చెప్పిన కారణం. బల్మొరల్‌ను విక్టోరియా భర్త ఆల్బర్ట్ 1852లో కొన్నాడు. సాండ్రింగ్‌హామ్‌ను 1862లో అప్పటి యువరాజు కోసం, కార్న్‌వాల్ డచీలో పోగైన రాబడితో కొన్నారు. పదవితో వచ్చిన ఆస్తి రాబడి సొంత ఆస్తిగా మారి, పన్ను లేకుండా అయిదో తరానికి చేరిందంటే, మూడు కోవల మధ్య గోడలు ఎంత పల్చనివో తెలుస్తుంది. ఈ సొంత సంపద మొత్తం ఎంతో లెక్క లేదు. రాజకుటుంబ సభ్యుల వీలునామాలను కోర్టు సీలు వేసి ఉంచుతుంది. 2021లో చనిపోయిన ఎలిజబెత్ భర్త ఫిలిప్ వీలునామాకు 90 ఏళ్ల గోప్యత ఇచ్చారు. రాజప్రాసాదాల్లోని చిత్రాలు, కిరీటంలోని రత్నాలు మాత్రం ఈ కోవలోకి రావు. అవి అమ్మడానికి వీల్లేకుండా దేశం తరఫున రాజు చేతిలో ఉన్నవి.

కొన్ని రాజరికాలు ఈ గోడలను స్పష్టంగా కట్టుకున్నాయి. రాజకుటుంబ ఆస్తి అంతా రాజ్యానిదేనని, వారి ఖర్చులు పార్లమెంటు బడ్జెట్ ద్వారానే రావాలని జపాన్ 1947 రాజ్యాంగంలోని 88వ అధికరణం తేల్చేసింది. స్పెయిన్‌లో ఆరో ఫెలిపె తన తండ్రి ఆర్థిక వివాదాల తర్వాత, 2022లో తన సొంత ఆస్తి 26 లక్షల యూరోలని స్వయంగా ప్రకటించారు. నెదర్లాండ్స్ యువరాణి అమాలియా 2021లో 18 ఏళ్లు నిండగానే రావలసిన భరణాన్ని, చదువుకుంటున్నంతకాలం అధికారిక పనులు చేయడం లేదు గనుక తీసుకోనని ప్రధానికి లేఖ రాశారు. దీనికి పూర్తిగా ఎదురు దిశలో థాయిలాండ్ నడిచింది. 2017 చట్ట సవరణ తర్వాత అక్కడి రాచ ఆస్తుల సంస్థ చేతిలో ఉన్న భూములు, కంపెనీల వాటాలు రాజు పేరు మీదికే మారాయి. బ్రిటన్ ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంది. పారదర్శకత విషయంలో జపాన్, స్పెయిన్‌లతో పోల్చుకునే స్థితిలో మాత్రం లేదు. బ్రిటన్ సమాచార హక్కు చట్టం రాజు కొలువుకు వర్తించదు.

రాజకుటుంబం వల్ల పర్యాటకులు వస్తారు, కాబట్టి ఖర్చు గిట్టుబాటవుతుందన్న వాదన కూడా తరచుగా వినిపిస్తుంది. ఇప్పుడు రాజులు లేని ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ రాజప్రాసాదానికి వచ్చే జనాన్ని చూస్తే దాని బలం ఎంతో తెలుస్తుంది. పైగా ఒక రాజ్యాంగ పదవికి ఎంత ఖర్చు పెట్టాలన్నది టికెట్ల అమ్మకంతో తేల్చే విషయం కాదు. దేశాధినేత ఎవరైనా ఇల్లు, సిబ్బంది, భద్రత, ప్రయాణాలు తప్పవు. అవి ఎన్నికైన అధ్యక్షుడికీ ఉంటాయి. తేడా ఏమిటంటే అధ్యక్షుడి ఖర్చును ఏటా అవసరాన్ని బట్టి అడిగి, చర్చించి, ఇస్తారు.

బ్రిటన్‌లో అలా చర్చించే సందర్భం ఇప్పుడు దగ్గరికి వచ్చింది. సావరిన్ గ్రాంట్ చట్టం ప్రకారం ప్రధాని, ఆర్థికమంత్రి, రాజు సొంత ఖజానా అధికారి ముగ్గురూ ధర్మకర్తలుగా అయిదేళ్లకోసారి శాతాన్ని సమీక్షించాలి. బకింగ్‌హామ్ మరమ్మతులు 2027లో ముగుస్తాయి. ఆ పని కోసం పెరిగిన 13 కోట్ల స్థాయి అప్పుడు అవసరం లేదు. శాతాన్ని ఎంతకు తగ్గించినా, ముందు ఏడాది కన్నా తగ్గకూడదన్న నిబంధన పుస్తకంలో ఉన్నంతకాలం గ్రాంటు తగ్గదు. దాన్ని తీసేయడానికి పార్లమెంటు కొత్తగా చట్టం చేయవలసిందే. ఈలోగా ఆ ఆరు ప్రాజెక్టుల్లో నిర్మాణం మొదలైన కొద్దీ సముద్రగర్భం మీద ఇప్పుడు వస్తున్న రుసుములు తగ్గుతూ పోతాయి.